శాకాహారంతో కండ పెంచడం ఎలా? వంటింటి కాటాతో మొదలుపెట్టండి

నలుగురున్న మా ఇంట్లో మధ్యాహ్నం పప్పుకు ఒక చిన్న గ్లాసు కందిపప్పు పోస్తారు. ఒకరోజు ఆ గ్లాసును వంటింటి కాటా మీద పెట్టి చూస్తే పప్పు 110 గ్రాములు తూగింది. అందులో ఉండే ప్రొటీన్ సుమారు 24 గ్రాములు, నలుగురికీ పంచితే తలకు ఆరు గ్రాములు. రోజూ పప్పు తింటున్నాం కదా, ప్రొటీనుకు లోటేముంటుందని అప్పటి వరకు ధీమాగా ఉన్న నాకు ఆ లెక్క కాస్త సిగ్గు తెప్పించింది. నెలల తరబడి వ్యాయామం చేసినా చాలామంది శాకాహారులకు కండ పట్టకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మనం తినే పదార్థాల్లో లోపం లేదు, కంచంలో వాటి పాళ్లలోనే ఉంది. కాబట్టి కొత్త వంటలు వెతకడం కంటే పాత వంటల కొలతలు మార్చడం మీదే ఈ వ్యాసం ఎక్కువగా నిలుస్తుంది.

1. మీకు ఎంత ప్రొటీన్ కావాలో తేల్చుకోండి

ప్రొటీనుకు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేరు మాంసకృత్తులు. ఆ మాట వినగానే అవి మాంసంలోనే ఉంటాయని కొందరు పొరపడతారు గానీ, దాని అర్థం మాంసాన్ని, అంటే కండను, తయారు చేసేవి అని మాత్రమే.

ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. అయితే అది సాధారణ జీవనానికి సరిపోయే లెక్క. బరువులతో వ్యాయామం చేస్తూ కండ పెంచుకోవాలనుకునేవారు కిలోకు సుమారు 1.6 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవాలి. 60 కిలోల మనిషికి అది 96 గ్రాములవుతుంది. పప్పుధాన్యాల ప్రొటీన్ పాల ప్రొటీన్ అంత పూర్తిగా అరగదు కనుక, పాలు, పెరుగు కూడా మానేసిన వీగన్లు కిలోకు 1.8 గ్రాముల దాకా వెళ్లడం మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

2. ఏ పదార్థంలో ఎంత ఉందో తెలుసుకోండి

ఎండు రూపంలో 100 గ్రాముల కందిపప్పు, పెసలు, మినప్పప్పు, ఉలవలు, అలసందలు వంటి వాటిలో 21 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. శనగల్లో సుమారు 20, వేరుశనగ గింజల్లో 25, పన్నీరులో 18 నుంచి 20 గ్రాములు ఉంటాయి. మీల్ మేకర్ వీటన్నిటినీ దాటి 50 గ్రాముల పైమాటే ఇస్తుంది, ఎందుకంటే అది నూనె తీసేసిన సోయా పిండితో చేసింది. బియ్యంలో ఏడెనిమిది గ్రాములు, గోధుమ పిండిలో పది పన్నెండు గ్రాములు, పెరుగులో మూడు నాలుగు గ్రాములు ఉంటాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పప్పులు, గింజల అంకెలన్నీ వండని వాటికి చెందినవి. వంద గ్రాముల పప్పు నీళ్లు పీల్చుకుని ఉడికాక మూడు వందల గ్రాములకు అటూ ఇటూ అవుతుంది, ప్రొటీన్ మాత్రం పెరగదు. ఉడికిన పప్పును తూచి ఎండు పప్పు అంకెతో హెచ్చవేసుకుంటే కాగితం మీద కండ పెరుగుతుంది, ఒంటి మీద పెరగదు. పప్పుచారు, సాంబారు, రసం వంటి పలుచని వాటిని లెక్కలోకి తీసుకోకపోవడమే క్షేమం. రాత్రి నానబెట్టిన పది బాదం గింజలతో బలం వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా చేతిలో పెడతారు. ఆ పదింటిలో ఉన్నది రెండున్నర గ్రాములే. అంతకంటే ఎంతో చవకైన పుట్నాలు ఒక గుప్పెడు తింటే దానికి రెట్టింపు అందుతుంది.

3. రోజు మొత్తాన్ని నాలుగు పూటలుగా పంచండి

రోజు మొత్తానికి కావలసిన ప్రొటీన్ ఒకే పూట తినేయడం కంటే మూడు నాలుగు పూటలకు పంచుకోవడం కండకు మేలు, కడుపుకు అంతకంటే మేలు. 60 కిలోల మనిషికి, మన ఇళ్లలో దొరికే వాటితోనే, ఒక రోజు ఇలా కుదురుతుంది.

ఉదయం 75 గ్రాముల పెసలతో రుబ్బిన పెసరట్లు, పావు లీటరు పాలు తీసుకుంటే 26 గ్రాములు వస్తాయి. నానిన పెసలు ఉబ్బుతాయి కనుక రెండు పెద్ద అట్లు, ఒక్కోసారి మూడు వస్తాయి. అందులో ఉప్మా పెట్టుకుంటే రుచి పెరుగుతుంది గానీ ప్రొటీన్ చెప్పుకోదగినంత పెరగదు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో అన్నం, 50 గ్రాముల కందిపప్పుతో గట్టిగా చేసిన ముద్దపప్పు, 200 గ్రాముల పెరుగు కలిపి మరో 25, 26 గ్రాములు ఇస్తాయి. ఇంట్లో తలకు వచ్చే పప్పుకు ఇది దాదాపు రెట్టింపు అని గమనించండి. సాయంత్రం 50 గ్రాముల శనగలతో గుగ్గిళ్లు, పిడికెడు వేయించిన వేరుశనగ గింజలు తింటే 16 గ్రాములు. రాత్రి మూడు పుల్కాలు, 40 గ్రాముల ఎండు మీల్ మేకరుతో కూర తింటే 30 గ్రాములు. అన్నీ కలిపితే 98 గ్రాములు, అంటే డబ్బా పొడి ఒక్క చెంచా కూడా వాడకుండానే లక్ష్యం దాటినట్టు. వీగన్లు పాల స్థానంలో సోయా పాలు, పెరుగు స్థానంలో ఎనభై తొంభై గ్రాముల టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) వేసుకుంటే లెక్క పెద్దగా మారదు.

బియ్యం, గోధుమల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మెథియొనిన్ అనేది తక్కువ. ప్రొటీన్ అనే గోడకు ఈ అమైనో ఆమ్లాలే ఇటుకలు. పప్పన్నం, ఇడ్లీ, పొంగలి వంటి మన వంటలు ఒకదాని లోటును మరొకదానితో తీరుస్తాయి. రెండూ ఒకే ముద్దలో కలవాలన్న నియమమేమీ లేదు, ఒకే రోజులో అందితే చాలు.

4. కడుపును నెమ్మదిగా అలవాటు చేయండి

పైన చెప్పిన కొలతలను రేపటి నుంచే పూర్తిగా అమలు చేస్తే రెండో రోజుకే గ్యాసుతో ఇబ్బంది పడి, ఇదంతా మనకు సరిపడదని తేల్చేస్తారు. పప్పులు, గింజలను రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. శనగలు, ఉలవలు, అలసందలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. పొట్టు తీసిన పెసరపప్పు అన్నిటికంటే తేలికగా అరుగుతుంది కనుక దానితో మొదలుపెట్టవచ్చు. మీల్ మేకరును మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి గట్టిగా పిండి, మళ్లీ ఒకసారి కడిగి పిండితే పచ్చి సోయా వాసన పోతుంది. ఆ తరువాత దాన్ని అల్లం, వెల్లుల్లి, గరం మసాలాతో వేపుడు చేస్తే, సోయా అంటే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా రెండోసారి వడ్డించుకుంటారు.

5. కండకు పని చెప్పండి

వ్యాయామం లేకుండా ఎంత ప్రొటీన్ తిన్నా కండ పెరగదు. వారానికి మూడు రోజులు చాలు, కానీ ఒక్కో కండర సముదాయానికి వారంలో కనీసం రెండుసార్లు పని పడాలి. జిమ్ముకు వెళ్లలేనివారు బస్కీలు, దండీలతో మొదలుపెట్టి, అవి సులువయ్యాక వీపున పుస్తకాల సంచీ తగిలించుకోవచ్చు. 20 లీటర్ల నీళ్ల క్యాన్ నిండుగా ఉంటే 20 కిలోలు, బియ్యం బస్తా 25 కిలోలు. నడుము వంచకుండా, మోకాళ్లు మడిచి వాటిని ఎత్తడం దించడం మంచి వ్యాయామమే.

ఇందులో ఒకే ఒక్క నియమం అన్నిటికంటే ముఖ్యం. ఒక్కో వరసలో, అంటే ఆగకుండా చేసే ఒక్కో విడతలో, ఇంకా ఒకటి రెండు మాత్రమే చేయగలననిపించే దాకా చేయాలి, అదే బరువుతో అన్నిసార్లు సులువుగా చేయగలిగిన రోజున బరువునో, సంఖ్యనో పెంచాలి. ఏడాది పొడవునా అవే ఇరవై బస్కీలు తీసేవారికి ఆరోగ్యం ఉంటుంది, కొత్త కండ రాదు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర కూడా ఈ పనిలో భాగమే.

6. శక్తినిచ్చే ఆహారం తగ్గకుండా చూసుకోండి

పప్పులు, గింజలు త్వరగా కడుపు నింపుతాయి. అందువల్ల సన్నగా ఉన్నవారు ప్రొటీన్ పెంచే క్రమంలో తెలియకుండానే మొత్తం తిండి తగ్గించేసి, బరువు పెరగక నిరాశ పడతారు. వీరు ముద్దపప్పులో నెయ్యి లేదా నువ్వుల నూనె, వ్యాయామం తరువాత రెండు అరటిపండ్లు, ఒక వేరుశనగ ఉండ చేర్చుకుంటే రోజుకు మూడు నాలుగు వందల కేలరీలు అదనంగా అందుతాయి. పొట్ట ఉన్నవారు దీనికి విరుద్ధంగా అన్నం కొలత తగ్గించి పప్పు కొలత అలాగే ఉంచాలి.

7. శాకాహారంలో నిజంగా లోటుపడే వాటిని పట్టించుకోండి

మొక్కల ఆహారంలో విటమిన్ బి12 దొరకదు. పాలు, పెరుగు తినేవారికి కొంత అందుతుంది, వీగన్లకు మాత్రం మాత్ర తప్పనిసరి. ఇనుము పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్నా ఒంటికి పట్టడం కష్టం. గుగ్గిళ్ల మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది, భోజనం కాగానే టీ, కాఫీ తాగితే పట్టేది కాస్తా తగ్గుతుంది. అందువల్ల ఆ కప్పును ఒక గంట వెనక్కి జరపండి.

బరువులెత్తేటప్పుడు కండరాలకు వెంటనే శక్తి అందించే క్రియాటిన్ మాంసం, చేపల్లో ఉంటుంది కనుక శాకాహారుల కండరాల్లో దాని నిల్వ తక్కువగా ఉంటుంది. కొనదలచిన డబ్బా ఒక్కటే అయితే, నా లెక్కలో అది రంగురంగుల ప్రొటీన్ డబ్బా కంటే క్రియాటిన్ మోనోహైడ్రేట్ అయితే మేలు. దాన్ని రసాయనికంగా తయారు చేస్తారు, జంతువుల నుంచి తీయరు. రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు చాలు. వాడుతున్నప్పుడు రక్త పరీక్షలో, మూత్రపిండాల పనితీరుకు కొలతగా చూసే క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. వే ప్రొటీన్ పాల నుంచి వచ్చేది కనుక డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉన్నా అది వీగన్లకు పనికిరాదు.

8. దీక్షలు, ఉపవాసాల రోజుల్లో

కార్తీక మాసంలోనూ, 41 రోజుల అయ్యప్ప దీక్షలోనూ కోడిమాంసం, గుడ్లు ఒక్కసారిగా మానేసే యువకులు, అంతవరకు సంపాదించిన కండంతా కరిగిపోతుందని బెంగపడి ఏకంగా వ్యాయామమే ఆపేస్తుంటారు. కరిగేది తిండి మారినందువల్ల కంటే వ్యాయామం మానినందువల్లే ఎక్కువ. ఉన్న కండను నిలుపుకోవడానికి, దాన్ని పెంచడానికి పట్టినంత శ్రమ అక్కరలేదు. వారానికి రెండు రోజులు, బరువులు తగ్గించకుండా చేస్తే సరిపోతుంది. మధ్యాహ్నం భిక్షలో ముద్దపప్పు, పెరుగు రెట్టింపు వడ్డించుకుని, రాత్రి అల్పాహారంలో ఇడ్లీకి బదులు పెసరట్లు వేయించుకోండి. ఉల్లి, వెల్లుల్లి లేని గుగ్గిళ్లకు కొబ్బరి, పచ్చిమిర్చి, ఇంగువ తాలింపు సరిపోతుంది. పొద్దున పాలలో రెండు చెంచాల పుట్నాల పొడి కలుపుకోవడానికి ఏ నియమమూ అడ్డురాదు.