పార్ట్‌నర్‌కి విజిటర్ వీసా పెట్టేముందు

వేరే దేశంలో ఉన్న పార్ట్‌నర్‌ని నాలుగు వారాలు మన దగ్గరికి రప్పించుకుందామనుకోగానే అందరూ ఫొటోలు, చాట్‌లు, ఫోన్ కాల్ రికార్డులు పోగేయడం మొదలుపెడతారు. వీసా ఆఫీసర్‌కి వాటితో పెద్దగా పనిలేదు. ఈ మనిషి గడువులోపు వెనక్కి వెళ్తారా లేదా అన్నదే వాళ్లకు కావాలి. పైగా మీ ప్రేమ ఎంత గట్టిదని రుజువు చేస్తే, తను వెళ్లకుండా ఉండిపోవడానికి అంత గట్టి కారణం మీరే చేతికిచ్చినట్టు. మా ఫైల్ సర్దేటప్పుడు నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

అమెరికాలో ఇది చట్టంలోనే ఉంది. 214(బి) సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగేవాళ్లు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ముందు అనుకుంటారు. కాదని ఒప్పించుకోవాల్సింది దరఖాస్తు పెట్టినవాళ్లే. బ్రిటన్, షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) మాటలు మార్చి అడిగేదీ అదే.

అందుకే ఫైల్‌ని తిరుగు ప్రయాణం వైపు నుంచి కట్టుకుంటూ రండి. ఉద్యోగం ఉంటే ఆఫీసు ఇచ్చే లెటర్ అన్నిటికన్నా ముఖ్యం. "మా దగ్గర పనిచేస్తున్నారు" అనే రెండు లైన్ల కాగితం చాలదు. ఎప్పుడు చేరారు, జీతమెంత, సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇచ్చారు, మళ్లీ ఏ రోజు డ్యూటీలో చేరాలి, ఇవన్నీ ఉండాలి. నా పార్ట్‌నర్ ఆఫీసువాళ్లు ఆ చివరి ముక్క లేకుండానే లెటర్ ఇచ్చారు. మళ్లీ అడిగి రాయించుకున్నాం. సొంత వ్యాపారమైతే రిజిస్ట్రేషన్, పన్ను కాగితాలు, చదువుకుంటుంటే వచ్చే టర్మ్ తేదీలతో కాలేజీ లెటర్ పెట్టాలి. ఇంటి అద్దె ఒప్పందం, తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రుల వివరాలు కూడా పనికొస్తాయి.

బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. బ్యాలెన్స్ ఎంతుందో కాదు, అది ఎలా పెరిగిందో చూస్తారు. నెలనెలా జీతం పడుతూ, అద్దె, ఖర్చులు పోతూ కొద్దికొద్దిగా మిగిలే ఖాతాని నమ్ముతారు. దరఖాస్తుకి పది రోజుల ముందు ఒకేసారి పెద్ద మొత్తం పడితే అది ఎవరో అప్పిచ్చిన సొమ్మనుకుంటారు. నిజంగా మీరే పంపి ఉంటే దాచకండి. ఆ లైన్ పక్కన గుర్తు పెట్టి, మీ ఖాతాలోంచి వెళ్లినట్టు చూపించే కాగితం జత చేయండి. ఖర్చంతా మీరే పెట్టుకుంటున్నా, తన ఖాతాలో తనకంటూ కొంత ఉండటం మంచిది.

మీ ఆహ్వాన లేఖ అర పేజీ దాటక్కర్లేదు. మీరెవరు, తను మీకేమవుతారు, ఏ తేదీలు, ఎక్కడ ఉంటారు, ఏ ఖర్చు ఎవరిది అని రాస్తే చాలు. కవిత్వం వద్దు. అమెరికాకైతే ఈ లేఖ తప్పనిసరి కాదు. అక్కడి వీసా ఇంటర్వ్యూ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఫైల్ తెరవకపోవచ్చు కూడా. కాబట్టి తన ఉద్యోగం, వెళ్లే కారణం, తిరిగొచ్చే తేదీ తన నోటితో తడుముకోకుండా చెప్పగలగాలి.

భయపడి బంధాన్ని మాత్రం దాచొద్దు. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అక్కడ కాబోయే భర్త లేదా భార్య ఉన్నారా అని అడుగుతారు. అబద్ధం బయటపడితే అమెరికాలో శాశ్వత నిషేధం దాకా వెళ్తుంది. బ్రిటన్‌లో 10 ఏళ్లు, కెనడాలో 5 ఏళ్లు. రుజువులుగా నాలుగైదు ఫొటోలు, మీరు తన దేశానికి వెళ్లొచ్చిన పాస్‌పోర్ట్ స్టాంపులు చాలు. ఆ స్టాంపులకు విలువ ఎక్కువ, కలుసుకోవడానికి మీరూ వెళ్తారని చెబుతాయి కాబట్టి. వచ్చినప్పుడు పెళ్లి చేసుకునే ఆలోచన ఉంటే ఇదే వీసా పనికొస్తుందో లేదో ముందే చూసుకోండి. బ్రిటన్‌లో దానికి వేరే మ్యారేజ్ విజిటర్ వీసా ఉంది.

ఇక అసలు తలనొప్పి. డబ్బు కట్టేది మీరైనా దరఖాస్తుదారు తనే. ఓటీపీ తన ఫోన్‌కే వస్తుంది, అదీ తను నిద్రపోయే టైములో. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మీతో మాట్లాడం అంటారు. ఇద్దరూ మెలకువగా ఉండే గంట చూసుకుని, స్క్రీన్ షేర్ పెట్టి ఫారం ఒకే విడతలో నింపేయండి.

షెంగెన్‌కైతే ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఎక్కడికైనా సరే, వీసా రాకముందు రీఫండ్ లేని టికెట్ కొనొద్దు.

రిజెక్ట్ అయితే ఫీజు తిరిగి రాదు. కోపంలో ఆ వారమే అవే కాగితాలతో మళ్లీ పెడితే అదే జవాబొస్తుంది. షెంగెన్‌లో అప్పీలు హక్కుంది. అమెరికాలో 214(బి)కి అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తే. కెనడాలో ఉండేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: పార్ట్‌నర్ సమ్మతి పత్రంతో 5 డాలర్లు కట్టి, ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించుకోవచ్చు. లెటర్‌లో కారణం పొడిపొడిగా ఉంటే, అందులో వివరంగా దొరకొచ్చు.

వీసా వచ్చాక కూడా ఎయిర్‌పోర్టులో ఇవే ప్రశ్నలు అడగొచ్చు. ఆహ్వాన లేఖ, ఆఫీసు లెటర్, రిటర్న్ టికెట్ కాపీలు తన చేతి బ్యాగులోనే పెట్టించండి. తిరిగి వెళ్లిన బోర్డింగ్ పాస్ పారేయొద్దు, వచ్చేసారి ఫైల్‌లో అదే మొదటి కాగితం.