బొలింగ్స్: ముంబయి ఈస్ట్ ఇండియన్ల కొబ్బరి రవ్వ బిస్కెట్లు ఇంట్లో చేసుకునే విధానం

ఈస్ట్ ఇండియన్ అన్న మాట వినగానే ఒడిశానో బెంగాలో మనసులో మెదలడం సహజమే గాని, ఈ వంటకానికీ తూర్పు తీరానికీ ఏ సంబంధమూ లేదు. ముంబయి, సాష్టి, వసయి, ఠాణే ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన క్యాథలిక్ క్రైస్తవులు తమను తాము ఈస్ట్ ఇండియన్లు అని పిలుచుకుంటారు. 1534లో వసయి పోర్చుగీసుల చేతికి వచ్చిన తరువాత క్రైస్తవం స్వీకరించిన స్థానిక కుటుంబాల వారసులు వీరు. బయటి ప్రాంతాల నుంచి బొంబాయికి వలస వచ్చిన క్రైస్తవుల నుంచి తమను వేరుగా గుర్తించాలని కోరుతూ, విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం జరిగిన 1887లో వారు ఈ పేరు ఖాయం చేసుకున్నారు. వసయి 1739లోనే మరాఠాల వశమైనా, పోర్చుగీసు వంటింటి అలవాట్లు వారి ఇళ్లలో నిలిచిపోయాయి. అలా నిలిచిన వాటిలో ఒకటి బొలింగ్స్. పోర్చుగీసు భాషలో చిన్న బంతి అనే అర్థమున్న 'బొలిన్యా' అనే మాటకు ఇది వాడుకలో మారిన రూపం. గోవాలోనూ ఇదే కుటుంబానికి చెందిన బిస్కెట్లు చేస్తారు.

క్రిస్మస్ పళ్లెంలో కల్‌కల్‌లు, నెవ్రీలు, మిల్క్ క్రీములు, మార్జిపాన్‌ల వంటి మిఠాయిల పక్కన ఈ బొలింగ్స్ కనిపిస్తాయి. పైన గళ్లగళ్లుగా గీతలు, అంచుల్లో ముదురు బంగారు రంగు, కొరికితే పైపొర కరకరలాడుతూ లోపల కొంచెం నమిలే గుణం, ఆ వెంటనే వేయించిన రవ్వ, కొబ్బరి, ఏలకుల వాసన: మంచి బొలింగ్ లక్షణాలు ఇవి. మైదా లేకుండా రవ్వతోనే రూపు కట్టే బిస్కెట్ కాబట్టి, సాధారణ బిస్కెట్లకు చేసే పిండిలాగా దీనిని కలిపి వెంటనే కాల్చకూడదు. బొంబాయి రవ్వ గట్టి గింజ. తడిని మెల్లగా తాగుతుంది. రాత్రంతా ఆ అవకాశం ఇవ్వకుండా కాల్చిన బిస్కెట్ పంటికింద ఇసుకలా తగులుతుంది, అంచులు విరిగి రాలిపోతాయి. ఈ వంటలో ఒక్క మెళకువే గుర్తుపెట్టుకోదలచినవారు ఈ నానే సమయాన్నే గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఇది రెండు రోజుల పని అని ముందే అనుకొని మొదలుపెట్టడం మంచిది, అయితే చేతికి పని ఉండేది మొత్తం మీద రెండు గంటలకు మించదు.

ముప్పై నుంచి ముప్పై అయిదు బిస్కెట్లకు సన్న బొంబాయి రవ్వ 250 గ్రాములు, పచ్చికొబ్బరి కోరు 200 గ్రాములు, పంచదార 225 గ్రాములు, నీళ్లు 120 మిల్లీలీటర్లు, నెయ్యి 50 గ్రాములు, రెండు గుడ్ల పచ్చసొనలు, ఒక గుడ్డు తెల్లసొన, ఏలకుల పొడి ఒక చెంచా, ఉప్పు చిటికెడు కావాలి. తెల్లసొనను మొత్తం వాడవలసిన అవసరం రాకపోవచ్చు, కాబట్టి దానిని వేరే గిన్నెలో ఉంచుకోండి. నెయ్యికి బదులు ఉప్పు లేని వెన్న వాడేవారూ ఉన్నారు గాని, ఏలకుల వాసనకు నెయ్యే బాగా జత కుదురుతుందని నా అభిప్రాయం. లావు రవ్వ మాత్రమే దొరికితే, మిక్సీలో ఒక్క క్షణం తిప్పి ఆపండి, అది పిండిగా మారిపోకూడదు.

కొబ్బరి విషయంలో తొందరపాటు వద్దు. ముదిరినదైనా నీళ్లున్న తాజా కాయను ఎంచుకోవాలి. లేత కాయలో నీరెక్కువ, కమ్మదనం తక్కువ. కురిడీలో తడి చాలదు. కోరేటప్పుడు చిప్పకు అంటిన గోధుమరంగు పొర రాకుండా ఆపాలి, ఎందుకంటే ఆ పొర వల్ల బిస్కెట్ మీద మచ్చలు కనబడటమే కాక, రుచిలో కొద్దిగా వగరు కూడా వస్తుంది. కోరిన కొబ్బరిని నీళ్లు పోయకుండా మిక్సీలో అరనిమిషం తిప్పి మెత్తబరచాలి. పొడుగు పీచులు మిగిలితే మరుసటి రోజు గీతలు గీసేటప్పుడు అవి కత్తికి చిక్కుకొని పైభాగం చిరుగుతుంది. కొబ్బరి గుజ్జులో దాదాపు సగం నీరే ఉంటుంది కాబట్టి, వేరే నీళ్లు చేర్చితే రవ్వ జారుడుగా మారుతుంది. ఎండు కొబ్బరిపొడి తప్పనిసరై వాడితే, 120 గ్రాముల పొడిని అంతే బరువున్న గోరువెచ్చని పాలలో అరగంట నానబెట్టి వాడవచ్చు, రుచి మాత్రం ఒక మెట్టు తగ్గుతుంది.

రవ్వను అడుగు మందంగా ఉన్న మూకుడులో, నెయ్యి వేయకుండా, సన్నని మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించండి. దోరగా కమ్మని వాసన రావాలి, రంగు మారకూడదు. ఓవెన్‌లో మళ్లీ రంగు తిరుగుతుంది గనుక, ఇక్కడే ఎర్రబడితే చివరికి చేదెక్కే ప్రమాదం ఉంటుంది. రవ్వలడ్డు చేసే అలవాటున్న చేతులకు ఈ అంచనా కొత్తేమీ కాదు. వేయించిన రవ్వను పళ్లెంలోకి తీసి చల్లారనివ్వాలి.

అదే మూకుడులో పంచదార, నీళ్లు పోసి, పంచదార పూర్తిగా కరిగే వరకు కలుపుతూ, ఆ తరువాత కదపకుండా మరిగించండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే ఒక్క తీగ సాగి వెంటనే తెగిపోయే లేత పాకం వచ్చిన దశలో కొబ్బరి, ఉప్పు వేయాలి. పాకం ముదిరితే రవ్వ రాయిలా బిగుసుకుపోతుంది, తీగ రాకముందే దించితే మరునాడు ముద్ద చేతికి అంటుకుని ఉండకట్టదు. కొబ్బరి వేశాక మంట తగ్గించి, కొబ్బరి నూనె వాసన పైకి వచ్చే వరకు అయిదారు నిమిషాలు కలపండి. ఇప్పుడు రవ్వను కొద్దికొద్దిగా చల్లుతూ, ఉండలు కట్టకుండా కలిపి, సగం నెయ్యి వేసి, ముద్ద మూకుడు అంచులు వదిలి మధ్యకు చేరే వరకు మాత్రమే, అంటే మరో మూడు నాలుగు నిమిషాలు, పొయ్యి మీద ఉంచాలి. ఇంకా ఎక్కువ సేపు ఉంచితే రవ్వకు తాగడానికి తడే మిగలదు.

దించిన ముద్ద పూర్తిగా చల్లారాక గిన్నెలోకి మార్చి, మూత గట్టిగా పెట్టి, కనీసం ఎనిమిది గంటలు కదపకుండా ఉంచండి. చలికాలంలో బయటే ఉండవచ్చు, ఎండాకాలంలో కొబ్బరి పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్ తప్పదు. ఉదయం మూత తీసినప్పుడు ముద్ద గట్టిపడి, వేలితో నొక్కితే ముక్కలుగా విరుగుతున్నట్టు కనిపిస్తుంది. కంగారు పడవలసిన పని లేదు, రవ్వ తడిని తాగిందనడానికి అదే గుర్తు.

గుడ్లను ఈ రెండో రోజే వేయాలి. ముందు రోజు వేడి ముద్దలో పచ్చసొనలు కలిపితే అవి ఉడికి గడ్డలు కడతాయి. మొదటిసారి చేసినప్పుడు ఆ పొరపాటు చేసి మొత్తం పారేశాను. ఫ్రిజ్‌లో పెట్టిన ముద్దను గంట ముందు బయటికి తీసి, ఉండలు లేకుండా చేత్తో పొడిపొడిగా చిదిమి, గిలక్కొట్టిన పచ్చసొనలు, మిగిలిన నెయ్యి, ఏలకుల పొడి వేసి అయిదారు నిమిషాలు బాగా మర్దించండి. పచ్చసొన నెయ్యినీ తడినీ ఒక్కటిగా కలిపి ఉంచుతుంది, రంగునూ కమ్మదనాన్నీ ఇస్తుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కలిసి ఉండాలి, చేతికి అంటకూడదు. విడిపోతుంటే తెల్లసొనను చెంచా చెంచాగా చేర్చండి, మరీ ఎక్కువైతే బిస్కెట్ గట్టిపడుతుంది. అంటుకుంటుంటే పొడి రవ్వ ఒకటి రెండు చెంచాలు చల్లి పావుగంట ఆగండి. గుడ్డు తిననివారు పచ్చసొనలకు బదులు మూడు చెంచాల చిక్కని మీగడ వాడవచ్చు, అప్పుడు బిస్కెట్ ఇంకాస్త గుల్లగా వస్తుంది గాని బంగారు రంగు అంతగా రాదు.

ముద్దను 25 గ్రాముల ఉండలుగా చేసి, చేతులకు నెయ్యి రాసుకుని, పగుళ్లు లేకుండా గుండ్రంగా తిప్పి, సెంటీమీటరు మందం వచ్చేలా అరచేతితో అదమండి. అంచుల్లో బీటలు కనిపిస్తే వేలితో అద్దేయాలి, కాలేటప్పుడు అవి ఇంకా పెద్దవవుతాయి. పైన గళ్లు గీయడానికి మొండి కత్తి వీపు గానీ ఫోర్క్ గానీ చాలు. మొదట ఒకవైపు, తరువాత దానికి అడ్డంగా, మూడో వంతు లోతు వరకు గీతలు పెట్టండి. ఈ గళ్లు అందానికే అనుకోకూడదు, మందమైన ఉండ లోపలికి వేడి చేరడానికి, పైభాగం కరకరలాడటానికి అవి సాయపడతాయి. కత్తికి ముద్ద అంటుకుంటే మధ్యమధ్య నీళ్లలో ముంచి తుడవాలి.

ఓవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్‌కు పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసుకోండి. ట్రేలో బటర్ పేపర్ పరిచి, బిస్కెట్ల మధ్య రెండు వేళ్ల దూరం వదిలి, మధ్య అరలో 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. ఒక్కో ఓవెన్ వేడి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, పద్దెనిమిదో నిమిషం నుంచి చూస్తూ ఉండాలి, ట్రేను ఒకసారి తిప్పి పెట్టాలి. గీతల గట్లు, అంచులు బంగారు రంగుకు రావాలి, మధ్యభాగం లేతగా ఉన్నా పర్వాలేదు. వేడిగా ఉన్నప్పుడు వేలితో నొక్కితే మెత్తగా అనిపించినంత మాత్రాన మళ్లీ లోపల పెట్టకండి. చల్లారేకొద్దీ అవి బిగుస్తాయి. అయిదు నిమిషాలు ట్రేలోనే ఉంచి, ఆ తరువాత జాలీ మీదికి తీయాలి. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో అడుగున దొడ్డు ఉప్పు పోసి, స్టాండు మీద పళ్లెం పెట్టి, సన్నని మంట మీద మూతపెట్టి కాల్చవచ్చు, అయితే అడుగు త్వరగా నల్లబడుతుంది కాబట్టి పది నిమిషాలకొకసారి చూసుకోవాలి. పై రంగు అంత బాగా రాదు.

మొదటి ట్రేలో నాలుగు బిస్కెట్లు మాత్రమే పెట్టి కాల్చి చూసుకోవడం అన్ని విధాలా మేలు. అవి పరుచుకుపోతే పాకం లేతగా దిగిందని, మిగిలిన ముద్దకు రెండు చెంచాల రవ్వ కలపాలని అర్థం. విరిగి రాలితే తెల్లసొన ఒక చెంచా పడాలి. పైన రంగు వచ్చి లోపల పచ్చిగా ఉంటే వేడి 160కి తగ్గించి ఇంకో అయిదు నిమిషాలు పొడిగించండి.

పూర్తిగా చల్లారాకే గాలి చొరబడని డబ్బాలో, వరుసల మధ్య బటర్ పేపర్ వేసి సర్దాలి. కొంచెం వెచ్చగా ఉన్నా మూతకింద ఆవిరి పట్టి కరకరదనం పోతుంది. పచ్చికొబ్బరి ఉన్నందున ఇవి పది రోజులకు మించి బాగుండవు. క్రిస్మస్‌కు చేయదలచుకుంటే డిసెంబరు 20 తరువాత ముద్ద కలపండి. కాల్చిన మర్నాడు ఏలకుల వాసన లోపలి వరకు ఇంకి మరింత బాగుంటాయి, కాబట్టి ఒక్క రోజు ఆగగలిగితే మొదటి బిస్కెట్ మర్నాడే రుచి చూడండి.