మాజీ సైనికుని సంస్మరణ వ్యాసం రాయడం ఎలా?

నిండు జీవితం గడిపిన ఒక మాజీ సైనికుడు కన్నుమూసినప్పుడు, ఆయన గురించి రాయడానికి కూర్చున్నవారి చేతికి మొదట అందేవి యూనిఫాంలో దిగిన ఫొటో, పతకాలు, సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన పత్రం. అన్నేళ్లుగా భద్రంగా దాచినవి అవే కాబట్టి వ్యాసమంతా వాటి చుట్టూ తిరిగే ప్రమాదం ఉంది. తొంభై ఏళ్లు బతికిన మనిషి సైన్యంలో గడిపింది నాలుగేళ్లే కావచ్చు. అందువల్ల రాయడం మొదలుపెట్టే ముందే ఒక పెద్ద కాగితం మీద ఆయన జీవితాన్ని పదేసి సంవత్సరాల గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఆయన ఎక్కడ ఉన్నారో, ఎవరితో ఉన్నారో, ఏ పని చేశారో నింపుకోవాలి. ఖాళీగా మిగిలిన గడుల గురించి ఎవరిని అడగాలన్నదే తరువాతి ప్రశ్న.

సైనిక జీవితానికి సంబంధించిన వివరాలను కుటుంబంలో చెప్పుకునే కథల నుంచి కాక కాగితాల నుంచి తీసుకోవాలి. చేరిన తేదీ, వైదొలగిన తేదీ, దళం, హోదా అనే నాలుగూ విడుదల పత్రంలో సాధారణంగా దొరుకుతాయి. తరాలు మారేకొద్దీ నోటి మాటల్లో హోదా పెరిగిపోతూ ఉంటుంది. అది ప్రేమ వల్ల జరిగేదే అయినా అచ్చులోకి ఎక్కనీయకూడదు. పతకాలు కూడా అన్నీ ఒకే విధమైన సాక్ష్యం ఇవ్వవు. మొదటి ప్రపంచ యుద్ధానికి బ్రిటన్ ఇచ్చిన సేవా పతకాల అంచు మీద గాని వెనుక వైపు గాని సాధారణంగా సైనికుని సంఖ్య, పేరు చెక్కి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధానికి బ్రిటన్ ఇచ్చినవాటిపై పేరు ఉండదు కాబట్టి, పెట్టెలో దొరికినంత మాత్రాన అవి ఎవరివో తేలదు.

అధికారిక రికార్డు దొరకకపోతే ఆయన సైన్యంలో పనిచేయలేదని అనుకోకూడదు. 1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం దగ్గర సైనిక రికార్డుల కేంద్రంలో రేగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి వరకు ఆ దేశ ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం అప్పుడే పోయాయి. ఇలాంటి చోట జీతం చెల్లింపు పత్రాలు, ఇంటికి రాసిన ఉత్తరాలు ఆధారమవుతాయి. సెన్సారు వల్ల యుద్ధకాలపు ఉత్తరంలో ఊరి పేరు ఉండకపోవచ్చు గాని, కవరు మీద ఉన్న దళం చిరునామా, తపాలా ముద్ర తేదీ కలిపి చూస్తే ఆయన ఎక్కడ ఉన్నారో చాలావరకు తెలుస్తుంది.

యుద్ధం గురించి ఆయన నోరు విప్పి ఉండకపోతే, ఆ మౌనాన్ని ఉన్నదున్నట్టు రాయండి. సినిమాల్లో చూసిన దృశ్యాలతో దానిని నింపడం ఆయనకు చేసే అన్యాయమే అవుతుంది. ఆయన ఇంకా జీవించి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 2000లో మొదలుపెట్టిన మాజీ సైనికుల జ్ఞాపకాల సేకరణలో ముఖాముఖికి కనీస నిడివి 30 నిమిషాలు. ఇంట్లో కూర్చుని అంతసేపు మాట్లాడించడం కష్టం కాదు. ‘యుద్ధం ఎలా ఉండేది?’ అని అడిగితే ఒక్క ముక్కలో ముగిస్తారు. ‘రాత్రి ఎక్కడ పడుకునేవారు? పక్కన ఎవరు ఉండేవారు?’ అని అడిగితే మాట సాగుతుంది.

కుటుంబం గురించి రాసేటప్పుడు పిల్లల, మనవల పేర్ల జాబితాతో ఆగిపోకుండా, ఆయన దూరంగా ఉన్న రోజుల్లో ఇల్లు నడిపిన భార్యకు వ్యాసంలో తగిన చోటు ఇవ్వాలి. ఉద్యోగం విషయంలో పదవి పేరు కన్నా పొద్దున లేచి ఆయన ఏం చేసేవారో రాస్తే చాలు.

అన్నిటికన్నా కష్టమైనది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, ఆయన చేసిన స్వచ్ఛంద సేవ. దానికి జీతం ఉండదు కాబట్టి జీతం రసీదు ఉండదు, పతకమూ ఉండదు. పొరుగువారికి చేసిన సాయాన్ని ఆయన ఇంట్లో చెప్పి కూడా ఉండరు. సంస్థల హాజరు పుస్తకాలు, సమావేశాల మినిట్స్, పాత గ్రూపు ఫొటోల వెనుక రాసిన పేర్లు కొంత చెబుతాయి. అసలు సమాచారం మాత్రం ఒక ప్రశ్నతో బయటపడుతుంది: ‘ఆయన రాలేని స్థితికి వచ్చాక ఆ పని ఎవరు చేస్తున్నారు?’ ఆ వ్యక్తిని వెతికి పట్టుకుని మాట్లాడండి. తాళాలు ఎవరి దగ్గర ఉండేవో, కుర్చీలు ఎవరు సర్దేవారో, ఆసుపత్రికి ఎవరిని ఎన్నిసార్లు తీసుకెళ్లారో అక్కడ తెలుస్తుంది. ‘అజాతశత్రువు’, ‘ఎనలేని సేవలు అందించారు’ వంటి మాటలు ఎవరికైనా అతుకుతాయి. ‘పన్నెండేళ్ల పాటు ప్రతి శనివారం అంధ విద్యార్థులకు పాఠాలు చదివి వినిపించారు’ అనే వాక్యం ఆ ఒక్క మనిషికే చెందుతుంది.

రాత పూర్తయ్యాక, ఆయనను చిన్ననాటి నుంచి ఎరిగినవారిలో మిగిలిన పెద్దవారికి చదివి వినిపించి, వారు దిద్దమన్న చోట దిద్దాలి. విడుదల పత్రాన్ని యథాతథంగా అచ్చు వేయకండి. దాని మీద ఉండే గుర్తింపు సంఖ్యలు, పుట్టిన తేదీ మోసగాళ్లకు పనికొస్తాయి. సేకరించిన కాగితాల నకళ్లు, సంభాషణల రికార్డింగులు ఒకే చోట ఉంచి, అవి ఎక్కడ ఉన్నాయో కుటుంబంలో కనీసం ఇద్దరికి చెప్పండి.