కూవం నీటిలో సూక్ష్మజీవులు – 5వ పాఠం: అతుకు లెక్క

ఈసారి వర్గీకరణ (ఏ వరుస ఏ బ్యాక్టీరియాదో తేల్చడం) మొదలుపెడదామని నాలుగో పాఠం చివర రాశాను. దాన్ని వాయిదా వేయక తప్పడం లేదు. కత్తిరింపు అభ్యాసం చేసి పంపినవారిలో ఎక్కువమంది పట్టికలు ఒకే చోట కూలిపోయాయి. వడపోత దాకా రీడ్లు (యంత్రం డీఎన్ఏ ముక్కలను చదివి ఇచ్చిన అక్షరాల వరుసలు) నిండుగా ఉన్నాయి, ముక్క రెండు కొసల నుంచి చదివిన ఫార్వర్డ్, రివర్స్ రీడ్లను జతచేసే మెట్టు దగ్గర మాత్రం దాదాపు ఏమీ మిగలలేదు. నమూనా చెడిపోయిందేమో, చెన్నైలో కూవం నది మీది చేట్‌పట్ వంతెన దగ్గరికి మళ్లీ వెళ్లి నీళ్లు తేవాలా అని ఒకరిద్దరు అడిగారు. అక్కర్లేదు. ఆ నల్లటి నీటిని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి లాగడానికి, అది ప్రతిసారీ పూడుకుపోతుంటే మీరు పడిన పాట్లు వృథా కాలేదు. లెక్క ఒక్కటే తప్పింది. అందులో నా వాటా కూడా ఉంది: కత్తిరింపు పొడవులకు మామూలుగా వాడే విలువలు పెట్టుకోండి అని ఒక్క ముక్కలో తేల్చేశాను, మీరేమో మనం రీడ్లను శుద్ధిచేసి జతపరచడానికి వాడే డాడా2 ప్రోగ్రాం శిక్షణ పాఠంలోని ఫార్వర్డ్ 240, రివర్స్ 160 అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించేశారు.

బ్యాక్టీరియాలను గుర్తుపట్టడానికి మనం చదివేది 16ఎస్ అనే జన్యువును; అందులో బ్యాక్టీరియాను బట్టి మారే ప్రాంతాలలోవే వి3, వి4. ఆ అంకెలు వి4 ప్రాంతాన్ని మాత్రమే చదివిన నమూనాలవి. 16ఎస్ జన్యువు సుమారు 1,500 అక్షరాల పొడవుంటే, వి4 ముక్క సుమారు 250 అక్షరాలే కనుక 240, 160 కలిసిన 400 దానికి ధారాళంగా సరిపోతుంది. మనం తీసుకున్నది వి3–వి4. మన ప్రైమర్ల (చదవాల్సిన ముక్క రెండు కొసలనూ పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలు) పేర్లలోని 341, 805 అనే అంకెలు ఇ.కోలై అనే పేగు బ్యాక్టీరియా జన్యువులోని స్థానాలు; రెండు కొసలూ కలుపుకుని లెక్కపెడితే 465 అక్షరాలు వస్తాయి. రెండు గుడ్డముక్కలను కుట్టాలంటే ఒకదాని మీదికి మరొకటి కొంత ఎక్కాలి; రీడ్లలో అలా ఎక్కిన మేరే అతుకు. 400 అక్షరాల గుడ్డతో 465 అక్షరాల మేర కప్పబోతే అతుకు మాట అటుంచి, మధ్యలో 65 అక్షరాల సందు మిగులుతుంది. మనం మార్చకపోతే డాడా2 కనీసం 12 అక్షరాల అతుకు అడుగుతుంది.

ఇది చాలామంది తమంతట తామే కనిపెట్టారు. నన్ను విసిగించేది వాళ్లు చేసిన మరమ్మతు. 250, 220 పెట్టి, మొత్తం 470 అయింది, రీడ్లు తిరిగి వచ్చాయి అని సంబరపడ్డారు. ఎవరి రీడ్లు తిరిగి వచ్చాయో చూశారా? 465 అనేది ఇ.కోలై కొలత, అన్ని బ్యాక్టీరియాలకూ ఆ పొడవు ఉండదు. కొన్ని వర్గాలలో వి3 ప్రాంతం ఇరవై పైచిలుకు అక్షరాలు పొట్టిగా ఉంటుంది కనుక వాటికి 470లో పాతిక అక్షరాలకు పైగా అతుకు దొరికి అవి చక్కగా జతపడతాయి. ఇ.కోలైకి దొరికేది అయిదే కాబట్టి అది రాలిపోతుంది, దాని పొడవే ఉన్న మిగతావి కూడా దానితోపాటే పోతాయి. మురుగు కలిసే నదిలో మనం ముఖ్యంగా వెతికేదే ఇ.కోలై, అది లేని పట్టిక నిండుగా, నమ్మదగినట్టుగా కనిపిస్తుంది, కూవం ఉన్నదానికన్నా శుభ్రమైన నదిలా తేలుతుంది. మొదటి తప్పులో పట్టిక ఖాళీ అయింది గనుక మీరు నాకు రాశారు. ఈ రెండో తప్పు గురించి ఒక్కరూ రాయలేదు.

ప్రైమర్ల సంగతిలోనూ కొందరు ఒకే కోత రెండుసార్లు కోశారు. 17 అక్షరాల ఫార్వర్డ్ ప్రైమర్‌నూ 21 అక్షరాల రివర్స్ ప్రైమర్‌నూ ముందే విడిగా తీసేసి ఉంటే మీ లక్ష్యం 427, పొడవులను కూడా ఆ కోత తరువాతే లెక్కించాలి. అలా కాక డాడా2 చేతనే ఎడమ కొసలు తీయిస్తే కత్తిరింపు పొడవు రీడ్ అసలు మొదలు నుంచే లెక్కకు వస్తుంది కనుక లక్ష్యం 465గానే ఉంటుంది.

నేను కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద 465కు 35 కలిపి 500 అని రాసుకుంటాను. రివర్స్ రీడ్ల నాణ్యత ముందుగా పడిపోతుంది గనుక దాన్ని 280, 220గా పంచుతాను. డీఎన్ఏ చదివే మైసెక్ యంత్రం రెండు వైపులా మూడేసి వందలు చదివినా, రివర్స్ చివరి అక్షరాల మీద నాకు నమ్మకం తక్కువ. నాణ్యత మరీ నాసిగా ఉండి 500 రాకపోతే అతుకును తగ్గించను. రివర్స్ రీడ్లను వదిలేసి ఫార్వర్డ్ రీడ్లతోనే పని కానిస్తాను.

అభ్యాసం: ప్రైమర్లను డాడా2 చేతనే తీయిస్తూ, ఒకే నమూనాను 240–160, 250–220, 280–220 పొడవులతో మూడుసార్లు నడపండి. ప్రతి మెట్టులో మిగిలిన రీడ్లనూ, జతపడిన వరుసల పొడవులనూ పట్టికగా వేయండి. మూడోసారి పొడవుల గ్రాఫ్‌లో, ప్రైమర్లు పోగా, 400 దాటాక ఒకటి, 427 దగ్గర ఒకటి, రెండు గుట్టలు కనిపించాలి. రెండోసారి వాటిలో ఏది కరిగిపోయిందో రాయండి. నేపియర్ వంతెన దగ్గర ఆటు, పోటు సమయాల్లో విడివిడిగా నీళ్లు పట్టినవారు రెండు నమూనాలనూ, అంటే ఆరుసార్లు నడపాలి. మామూలు ల్యాప్‌టాప్ మీద దోషాల అంచనా మెట్టుకు చాలాసేపు పడుతుంది కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టండి. వర్గీకరణ పాఠం ఈ పట్టికలు అందాకే.