విమాన సమయాలు ఒకదానితో ఒకటి కలవడం లేదా? ముందు తేడా ఎంతో చూడండి

ఎస్‌టీడీ, ఎస్‌టీఏలు వరుసగా బయలుదేరే, చేరే షెడ్యూలు సమయాలనీ, ‘ఈ’తో మొదలయ్యేవి అంచనాలనీ, ‘ఏ’తో మొదలయ్యేవి వాస్తవంగా నమోదైనవనీ తెలిసినవారిని ఉద్దేశించే ఇది రాస్తున్నాను.

సమస్య: టికెట్టు మీది సమయానికీ, ట్రాకింగ్ పేజీలోని సమయానికీ గంటల తేడా.

కారణం: టికెట్టుపై ఆయా విమానాశ్రయాల స్థానిక సమయం ఉంటుంది, పేజీ యూటీసీని, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయాన్ని, చూపుతోంది. అంకె పక్కన ‘జెడ్’ ఉంటే అది యూటీసీయే. తేడా సరిగ్గా కొన్ని గంటలో, అరగంట కలిసిన గంటలో, నేపాల్ విషయంలో 5 గంటల 45 నిమిషాలో అయితే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

పరిష్కారం: సెట్టింగుల్లో స్థానిక సమయానికి మార్చుకోండి. క్షణంలో అయిపోయే ఈ పరిశీలనను వదిలేసి, విమానం వేళ మారిపోయిందని కంగారుపడేవారే ఎక్కువ.

సమస్య: రెండు చోట్ల చూస్తే ఒకే విమానానికి ఏటీడీ (వాస్తవంగా బయలుదేరిన సమయం) పది, ఇరవై నిమిషాల తేడాతో కనిపిస్తుంది.

కారణం: అనుభవజ్ఞులను సైతం తికమకపెట్టేది ఇదే. షెడ్యూలు సమయాలు సాధారణంగా గేటుకు సంబంధించినవి, అంటే విమానం నిలిచిన చోటు నుంచి కదిలే క్షణానికీ, తిరిగి గేటు వద్ద ఆగే క్షణానికీ చెందినవి. విమానం తానెక్కడుందో తెలుపుతూ ప్రసారం చేసే ఏడీఎస్-బీ సంకేతాలపై ఆధారపడే ట్రాకర్లు మాత్రం చాలావరకు రన్‌వే వదిలిన క్షణాన్నే బయలుదేరిన సమయంగా నమోదు చేస్తాయి. విమానయాన సంస్థలు ఈ గందరగోళం లేకుండా అవుట్, ఆఫ్, ఆన్, ఇన్ అని నాలుగు ఘట్టాలను విడివిడిగా రాసుకుంటాయి: గేటు నుంచి కదలడం, గాలిలోకి లేవడం, నేలను తాకడం, గేటు వద్ద ఆగడం. ప్రయాణికులకు చూపే పేజీలో ఈ నాలుగూ కుంచించుకుపోయి రెండే మిగులుతాయి, ఏ రెండన్నది పేజీని బట్టి మారుతుంది. అందువల్ల గేటును సకాలంలోనే వదిలి, రద్దీలో, రన్‌వేకు దారితీసే టాక్సీవే మీద వేచి ఉన్న విమానం ఒక చోట ఆలస్యంగా, మరొక చోట సమయానికే బయలుదేరినట్టు కనిపిస్తుంది, రెండూ నిజమే.

పరిష్కారం: గేటు సమయాన్ని గేటు సమయంతోనే, రన్‌వే సమయాన్ని రన్‌వే సమయంతోనే పోల్చండి. ఆలస్యాన్ని లెక్కించడానికి ఎస్‌టీడీ పక్కన అవుట్ సమయాన్నీ, ఎస్‌టీఏ పక్కన ఇన్ సమయాన్నీ పెట్టాలి. ఐరోపా విమానాలకు కనిపించే సీటీఓటీ (రద్దీని బట్టి లెక్కగట్టి విమానానికి కేటాయించే సమయం) సైతం టేకాఫ్ సమయమే. దానికి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తరువాత వరకు వెసులుబాటు ఉంటుంది కనుక దాన్ని ఎస్‌టీడీతో పోల్చి నిట్టూర్చవద్దు.

ఐఎస్‌టీ అన్నది భారత్, ఐర్లండ్, ఇజ్రాయెల్‌లలో మూడు వేర్వేరు సమయాలను సూచించడం, వేసవి సమయం మారే రోజున గంట అటూ ఇటూ కావడం అరుదైన కారణాలు. తేదీ ఒక రోజు తేడాగా ఉంటే, చేరే సమయం పక్కన ‘+1’ (మరుసటి రోజు) ఉందేమో చూస్తే సరిపోతుంది.