కిట్టులో పసుపు ప్యాకెట్ తగ్గకుండా ఇలా చేశాను

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మా గోదాములో సరుకు నిల్వతోపాటు కిట్లు కట్టే పని కూడా చేస్తాం. కారం 200 గ్రాములు, పసుపు 100, ధనియాల పొడి 100: మూడూ ఒకే డబ్బాలో పెట్టి లేబుల్ వేస్తాం. పండగ ముందు వరుసగా ఫిర్యాదులు వచ్చాయి, పసుపు లేదని. చాలా టెన్షన్ పడ్డాను. ఇద్దరితో లెక్కపెట్టించినా తప్పులు ఆగలేదు. అలసిన కళ్ళను తప్పుపట్టలేం కదా.

చివరికి ఎలక్ట్రానిక్ కాటా పెట్టాను. సరిగ్గా ఉన్న పది కిట్లు తూచి సగటు రాసుకున్నాను. అట్టడబ్బాల బరువులో కొద్దిగా తేడా ఉంటుంది కాబట్టి ఒక్కటే తూస్తే చాలదు. సగటుకు 50 గ్రాములు మించి తగ్గినా, పెరిగినా ఆ డబ్బా పక్కకు. తూచాకే టేపు, ఆ తర్వాతే ఎంఆర్‌పీ లేబుల్. మొదటి రోజే ప్యాకెట్ తగ్గిన నాలుగు కిట్లు గోదాములోనే దొరికాయి.