సిగ్మా రూల్స్ సొంతంగా, 4వ పాఠం: డ్యాష్ పెడితే ‘లేదా’

సిగ్మా రూల్ అంటే లాగ్‌లలో దాడి ఆనవాళ్లు పట్టడానికి ఏ ఒక్క టూల్‌కీ ముడిపెట్టకుండా రాసే రూల్. దాన్ని మీరు లాగ్‌లు వెతికే టూల్ (స్ప్లంక్, ఎలాస్టిక్ లాంటివి) క్వెరీగా తిప్పేది కన్వర్ట్ కమాండ్. పోయిన పాఠంలో ఆ కన్వర్ట్ దగ్గర చాలామంది బండి ఆగిపోయింది. ఎక్కువమందికి వచ్చిన ఎర్రర్ ఒకటే: ‘ప్రాసెసింగ్ పైప్‌లైన్ కావాలి’. ముందు ఆ సంగతి తేల్చేసి కొత్త విషయానికి వెళ్దాం.

రూల్‌లో రాసేది ‘విండోస్‌లో ప్రాసెస్ మొదలైంది’ అని మాత్రమే. అది మీ దగ్గర ఏ లాగ్‌లో పడుతోందో రూల్‌కి తెలీదు. సిస్‌మాన్ (ప్రాసెస్‌ల వివరాలు లాగ్ చేసే మైక్రోసాఫ్ట్ టూల్) పెట్టుకున్నవాళ్లకి ఈవెంట్ ఐడి 1, మామూలు సెక్యూరిటీ లాగ్ అయితే 4688. ఆ ముడి వేసేది పైప్‌లైన్. సిస్‌మాన్ పైప్‌లైన్ స్ప్లంక్ ప్లగిన్‌తో రాదు, విడిగా దించుకోవాలి:

సిగ్మా ప్లగిన్ ఇన్‌స్టాల్ సిస్‌మాన్
సిగ్మా కన్వర్ట్ -టి స్ప్లంక్ -పి సిస్‌మాన్ -పి స్ప్లంక్_విండోస్ రూల్.వైఎంఎల్

(టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే కొట్టండి.) ఎలాస్టిక్ వాళ్లకి ఒక్క మాట: మీ ప్లగిన్ పేరు ఎలాస్టిక్‌సెర్చ్, కానీ -టి తర్వాత ఇవ్వాల్సింది లూసీన్. 4688 మీద ఆధారపడేవాళ్లు గ్రూప్ పాలసీలో కమాండ్ లైన్ నమోదు ఆన్ చేసుకోండి. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయకపోతే కమాండ్ లైన్ చూసే రూల్ ఎంత బాగున్నా ఏమీ దొరకదు.

ఇక అసలు గొడవ. మీరు పంపిన రూల్స్‌లో పదేపదే కనబడి నన్ను విసిగించింది ఇదే. రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేసే ముందు షాడో కాపీల్ని (విండోస్ తీసిపెట్టుకునే పాత ప్రతుల్ని) చెరిపేస్తుంది, బాధితుడు వెనక్కి తెచ్చుకోకుండా. దాడి పద్ధతుల జాబితా మైటర్ అటాక్‌లో దీని నంబరు టి1490. షాడో కాపీల్ని చూసే, చెరిపే విండోస్ కమాండ్ విఎస్ఎస్అడ్మిన్. దాన్ని పట్టుకోవడానికి మీరు రాసింది (ఇమేజ్ అంటే నడిచిన ప్రోగ్రాం ఫైల్):

ఇమేజ్|ఎండ్స్‌విత్: '\విఎస్ఎస్అడ్మిన్.ఎక్సీ'
కమాండ్‌లైన్|కంటెయిన్స్:
  - 'డిలీట్'
  - 'షాడోస్'

చదివితే ‘డిలీట్, షాడోస్ రెండూ ఉండాలి’ అన్నట్టే ఉంటుంది. కాదు. ఒక ఫీల్డ్ కింద డ్యాష్‌లతో పేర్చినవన్నీ ‘లేదా’. అంటే అడ్మిన్ పొద్దున్నే ‘విఎస్ఎస్అడ్మిన్ లిస్ట్ షాడోస్’ అని ఊరికే జాబితా చూసుకున్నా అలర్ట్ మోగుతుంది. వారం తిరక్కుండా ఆ అలర్ట్‌ని ఎవరో మ్యూట్ చేస్తారు. అసలు దాడి రోజున అది మూగదే. రెండూ ఉండాలంటే ఫీల్డ్ పక్కన |కంటెయిన్స్|ఆల్ అని రాయాలి.

పక్కపక్క ఫీల్డులకి మధ్య మాత్రం ‘మరియు’ ఉంటుంది. పై రూల్‌లో ఇమేజ్, కమాండ్‌లైన్ రెండూ కలవాల్సిందే. ఇద్దరు ముగ్గురు ఇంకో అడుగు ముందుకేసి ఇమేజ్ ముందు కూడా, కమాండ్‌లైన్ ముందు కూడా డ్యాష్ పెట్టారు. దాంతో వాటి మధ్య కూడా ‘లేదా’ వచ్చి కూర్చుంది. కమాండ్‌లో ఎక్కడ డిలీట్ అని కనబడినా పట్టేస్తుంది.

‘సిగ్మా చెక్ కొట్టాం, ఏ తప్పూ చూపించలేదు’ అంటారు. చూపించదు. వ్యాకరణపరంగా రూల్ సరిగ్గానే ఉంది, మీ మనసులో ఉన్నది అది చదవలేదు. అందుకే నేను చెక్‌ని నమ్ముకోను. ఏ రూల్ అయినా ముందు --వితౌట్-పైప్‌లైన్ పెట్టి స్ప్లంక్‌లోకి తిప్పుతాను. ఫీల్డ్ మ్యాపింగ్ రొద లేకుండా లాజిక్ ఒక్కటే బయటపడుతుంది:

కమాండ్‌లైన్ ఇన్ ("*డిలీట్*", "*షాడోస్*")

‘ఇన్’ కనబడిందా, అది ‘లేదా’. ఆల్ పెట్టాక:

కమాండ్‌లైన్="*డిలీట్*" కమాండ్‌లైన్="*షాడోస్*"

స్ప్లంక్‌లో మధ్యనున్న ఖాళీయే ‘మరియు’.

డ్యాష్ ‘లేదా’ పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. పవర్‌షెల్‌లో ఎన్‌కోడ్ చేసిన కమాండ్ నడపడానికి -ఇసి, -ఎన్‌కోడెడ్‌కమాండ్ ఏది వాడినా పట్టాలంటే అదే కావాలి. అక్కడ ఆల్ పెట్టారో, రూల్ ఎప్పటికీ మోగదు.

అభ్యాసం: ‘విఎస్ఎస్అడ్మిన్ డిలీట్ షాడోస్’, అదే పని చేసే ‘డబ్ల్యుఎంఐసి షాడోకాపీ డిలీట్’ రెండింటినీ ఒకే రూల్‌లో పట్టాలి. రెండు సెలెక్షన్లు (షరతుల గుంపులు) రాసి, కండిషన్‌లో ‘1 ఆఫ్ సెలెక్షన్_*’ (ఏ ఒక్కటి కలిసినా చాలు) పెట్టండి. కన్వర్ట్ కొట్టే ముందు రావాల్సిన క్వెరీని కాగితం మీద బ్రాకెట్లతో సహా రాయాలి. తేడా వస్తే రూల్ ముట్టుకోకండి, ముందు కాగితం మీద ఎక్కడ పొరబడ్డారో వెతకండి.

వచ్చే పాఠం ఫిల్టర్ల గురించి. ఆ లోపు మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ విఎస్ఎస్అడ్మిన్‌ని పిలుస్తోందా, పిలిస్తే ఏ పేరెంట్ ప్రాసెస్ (దాన్ని మొదలుపెట్టిన ప్రోగ్రాం) నుంచో లాగ్‌లో చూసి రాసిపెట్టుకోండి.